బరువు గుండు వెళ్ళిన దూరం

నా చిన్నప్పుడు నాకో పాడు అలవాటు ఉండేది. ఎవరేం చెప్పినా నాకు కావలసిన సగం వినేసి, మిగతా సగం చెప్పేవాళ్ళకే వదిలేసి పరిగెత్తేదాన్ని. "దీనికి కాళ్ళే గాని చెవుల్లేవు" అనేది మా అమ్మ. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. పదకొండో ఏట, వేసవి సెలవుల్లో, ఆ అలవాటు ఒక పెద్దాయన పరువు తీసింది. ఇన్నేళ్ళలో ఈ సంగతి నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు, అంతకంటే వేరే కారణం లేదు.

మా మావయ్య వాళ్ళ ఊరు తణుకు దగ్గర. అప్పుడే అక్కడ వరిచేలు తవ్వి చేపల చెరువులు చేస్తున్నారు. మావయ్య కూడా ఆరెకరాలు తవ్వించి బొచ్చె, శీలావతి చేపపిల్లల్ని వదిలాడు. పొద్దున్నే నీటికాకులు గుంపులుగా దిగి వాటిని మింగేసేవి. వాటిని తోలడానికి మావయ్య ఒక పెద్దాయనని కాపలా పెట్టి, చేతికి ఎయిర్ గన్ కొనిచ్చాడు. చెరువు గట్టుమీద తాటాకు పాకే ఆయన ఇల్లు. నేను ఆయన్ని కాపలా తాత అనేదాన్ని. ఆయన మాత్రం వేలెడంత లేని నన్ను పాపగారూ, అండీ అనేవాడు. యజమాని మేనకోడలిని కదా, అది నాకు దక్కాల్సిన మర్యాదే అనుకునేదాన్ని. ఎంత పొగరో!

ఆ తాత వయసులో ఉండగా, ఏజెన్సీ కొండల్లోకి వేటకెళ్ళే దొరల వెంట రైఫిళ్ళు మోసేవాడట. ఆయన చూపుకి ఊళ్ళో పెద్ద పేరు. డెబ్బై దాటినా కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించేవాడు. గురి పెట్టనిది ఏదీ ఆయన చేతిలో దెబ్బ తినలేదని చెప్పుకునేవారు. సెంటు భూమి లేని మనిషి, ఆ పేరే ఆయన ఆస్తి. ఎవరైనా ఆ మాట ఎత్తితే చుట్ట తీసి, మొహం పక్కకి తిప్పుకుని నవ్వేవాడు.

ఆయన దగ్గర గుళ్ళు రెండు డబ్బాల్లో ఉండేవి. ఒకదాంట్లో తేలిక రకం, ఒకదాంట్లో బరువు రకం. రెంటికీ తేడా ఏంటని నేను ప్రాణం తీస్తే, ఒక రోజు అవతలి గట్టుమీద పాత నూనె డబ్బా పెట్టించి చూపించాడు. తేలిక గుండు పేల్చాడు. సగం దూరం దాటాక గాలి దాన్ని పక్కకి నెట్టేసింది, నీళ్ళలో ఎక్కడో పడింది. బరువుది వేసి, తుపాకి మూతి కొంచెం పైకెత్తి పేల్చాడు. కాసేపటికి డబ్బా ఠంగుమంది. పెద్ద రైఫిల్ తూటాలదీ ఇదే లెక్కట. దగ్గరకైతే తేలికది చురుగ్గా, తిన్నగా పోతుంది. దూరానికి బరువుదే గాలిని తట్టుకుంటుంది, కాకపోతే కిందికి జారుతుంది గనక ఎత్తి కొట్టాలి. నాకు కావలసింది అంతే. డబ్బాకి చిల్లు ఎంత పడిందో చూడాలని అప్పటికే గట్టు వెంబడి పరుగు పెట్టాను. తాత వెనక నుంచి ఇంకేదో చెబుతూనే ఉన్నాడు.

రెండో సగం ఏంటో తర్వాత తెలిసింది. తేలికది తప్పినా దారిలోనే చచ్చిపోతుంది. బరువుది తప్పితే చావదు, పిట్టని దాటి పోతుంది. అందుకే ఆయన పిట్టల మీదకి ఎప్పుడూ తేలికదే వాడేవాడు, అదీ వాటి ముందు నీళ్ళలోకి. వాటిని బెదరగొట్టడమే ఆయన పని.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం తాత తూము దగ్గరికి నీళ్ళు చూడ్డానికి వెళ్ళాడు. అవతలి గట్టు దగ్గర పాతిన వెదురుగడ మీద ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుంది. నేను పాకలో దూరి, చూరులో దాచిన బరువు గుళ్ళ డబ్బా తీశాను. మూలనున్న తుపాకిలో గుండు వేసి, మూతి ఎత్తి, తాతలాగే ఒక కన్ను మూసి పేల్చాను. పిట్ట ఎగిరిపోయింది. తగల్లేదు గాని తోలేశాను కదా అని గంతులేశాను. ఆ గట్టు వెనక పంట కాలవ ఉంది, ఆ ఎండలో కాలవలో గేదెలు పడుకుంటాయి. ఆ సంగతి నాకు తెలియక కాదు, రోజూ చూసేదాన్నే.

గేదె అరుపు వినపడింది. ఆ వెంటనే మనిషి కేక. మావయ్య ఇంట్లో పాలు పోసే అక్కది ఆ కేక, మొగుడు పోయి ఒక్క గేదెతో సంసారం ఈడుస్తున్న మనిషి. ఆ గేదె కుడికంట్లో గుండు దిగింది.

తాత పరుగున వచ్చాడు. నన్ను చూశాడు, మూత తీసి ఉన్న డబ్బాని చూశాడు. నా చేతిలో తుపాకి తీసుకుని, కొబ్బరితోట లోంచి ఇంటికి వెళ్ళిపొమ్మన్నాడు. నేను వెళ్ళిపోయాను. వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, అత్తయ్య పెట్టిన మామిడిపండు కూడా తిన్నాను.

సాయంత్రం పాల అక్క గేదెని మావయ్య వాకిట్లోకి తోలుకొచ్చింది. దాని చెంప మీద రక్తం ఎండిపోయి ఉంది. తాత కండువా తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. నేను తలుపు వెనక ఉన్నాను. ఎవరు కాల్చారని మావయ్య అడిగితే, తాత నేలచూపులు చూస్తూ, "నేనేనండి. చూపు ఆనట్లేదండి ఈ మధ్య" అన్నాడు.

పాల అక్క ఏడుపు ఆపి ఆయన మొహంలోకి చూసింది. నీ చూపుకేమైంది తాతా అని జాలిపడింది. వాకిట్లో చేరిన పదిమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గుడ్డివాడికి తుపాకి ఇచ్చిన తనకే బుద్ధి లేదని మావయ్య అరిచాడు. పొద్దున్నే పాక ఖాళీ చెయ్యమన్నాడు. తాత మూడుసార్లు తలుపు వైపు చూశాడు. నేను అక్కడున్నట్టు ఆయనకి తెలుసు. చూపు ఆనని మనిషి కాడు కదా! అడుగు దూరంలో గుమ్మం ఉంది, దాటలేదు.

మర్నాడు ఆయన బట్టలు సంచీలో పెట్టుకుని మండపేటలో కూతురి దగ్గరికి బయలుదేరాడు. రోడ్డు దాకా వెనకే వెళ్ళాను. ఎందుకు నీ మీద వేసుకున్నావు తాతా అని ఏడుస్తూ అడిగాను. ఆయన సంచీ కింద పెట్టాడు.

"అంతమందిలో మీరు భయపడిపోతారని ముందు నేను అన్నానండి. ఆ తర్వాత మీరే వచ్చి చెప్తారనుకున్నాను. దీపాలెట్టేదాకా చూశానండి పాపగారూ."

కోపంగా అనలేదు. కోప్పడితే ఎంత బాగుండేదో. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడు పరిగెత్తి మావయ్యకి చెప్పాను. మావయ్య నన్ను కొట్టలేదు, కుర్చీలో కూలబడిపోయాడు. పాల అక్క కాళ్ళు పట్టుకున్నాను. ఆమె నన్ను లేపి, చిన్నపిల్లవి, ఊరుకో అంది. ఆ సాయంత్రం ఎప్పటిలాగే పాలు తెచ్చి పోసింది, నేను తాగలేకపోయాను. మావయ్య స్కూటర్ మీద మండపేట వెళ్ళి బతిమాలాడు. తాత రానన్నాడు. పిల్ల పేరు బయటపెట్టకండి బాబూ, నాకు నిజంగానే మసకేస్తోంది అన్నాడట. మావయ్య ఆ మాట పట్టుకుని ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, పాల అక్కనీ చెప్పనివ్వలేదు. అమ్మయ్య అనుకున్నాను నేను. నిజం చెప్పాలంటే అదే అనుకున్నాను.

తాత పోయాడని తెలిసేసరికి నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు. మావయ్య వాళ్ళ అరుగు మీద నలుగురు కూర్చుని, పాపం చివర్లో చూపు పోయి గేదెని కాల్చాడు గాని ఒకప్పుడు ఎంత గురి అని చెప్పుకుంటున్నారు. ఆయన కాదండీ, ఆ గేదెని కాల్చింది నేను అన్నాను. వాళ్ళలో ఒక ముసలాయన, "పోనీలెండమ్మా, ఇప్పుడెందుకది" అని వానల సంగతి ఎత్తాడు.

ఇప్పుడు నా చేతిలో ఏదైనా తప్పు జరిగితే అవతలివాళ్ళు అడిగేదాకా ఆగను, నేనే చేశానని అనేస్తాను. మా ఆఫీసులో దాన్ని నా మంచితనం అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకుంటాను. ఆ ఊళ్ళో ఇప్పటికీ ఆయన చూపు పోయిన మనిషే.