ఎర్ర కొళాయి చన్నీళ్ళు

నిన్న మధ్యాహ్నం బడి నుంచి ఫింటాస్‌లోని మా ఫ్లాటుకి వచ్చి, చేతులు కడుక్కుందామని నీలం కొళాయి తిప్పాను. అబ్బో! వేళ్ళు చురుక్కుమన్నాయి. మేడమీద ట్యాంకులో పొద్దుటి నుంచీ కాగిన నీళ్ళు ప్లాస్టిక్ వాసనతో సహా దిగివచ్చాయి. కువైట్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్నదాన్ని, పరధ్యానంలో ఇంకా ఈ తప్పు చేస్తూనే ఉంటాను. చేసినప్పుడల్లా భారతి మేడమ్ గుర్తుకొస్తారు.

తెలియనివారికి ఇక్కడి పద్ధతి ఒకటి చెప్పాలి. ఎండాకాలం వస్తే మేమంతా గీజర్లు ఆపేస్తాం. నీలం కొళాయిలోకి మేడమీది ట్యాంకు నీళ్ళు నేరుగా వస్తాయి కాబట్టి అవి సలసల కాగుతుంటాయి. ఆపేసిన గీజర్‌లోని నీళ్ళు ఏసీ గాలికి చల్లబడి ఎర్ర కొళాయిలో వస్తాయి. స్నానానికి చన్నీళ్ళు కావాలంటే తిప్పేది ఎర్రదే. చలికాలంలో గీజర్ వేశాక మళ్ళీ మామూలే.

భారతి మేడమ్ మా బడిలో ఒకటి, రెండు తరగతులకు ఇన్‌చార్జి. జగిత్యాల మనిషి. భర్తకు ఇక్కడే అహ్మదిలో ఉద్యోగం. పొట్టిగా ఉండేవారు, గొంతు మాత్రం మూడు తరగతులకు వినిపించేది. ఆవిడ సంచీ తెరిస్తే దూది, పెసలు, అయస్కాంతం ముక్కలు, నాలుగు గాజు గ్లాసులు. సైన్సు పాఠం ఏదైనా పిల్లలు ముట్టుకుని చూశాకే పుస్తకం తెరవాలి. "ముట్టుకోనియ్యి పిల్లా, వాళ్ళకే ఎరుకైతది," అనేవారు. నేలంతా నీళ్ళు, పిల్లల యూనిఫారాలంతా తడి. కోనసీమలో బెత్తం కింద చదువుకుని వచ్చినదాన్ని, అది తరగతా సంతా అని లోలోపల నవ్వుకునేదాన్ని. నాకు శుభ్రమైన నోటుబుక్కులు ముఖ్యం.

నేను రెండో తరగతికి టీచరుగా చేరిన మూడో వారం, సెప్టెంబరు. వేడి, చల్లన పాఠానికి గ్లాసులు తీసుకుపొమ్మన్నారు మేడమ్. సిలబస్ వెనకబడింది కదా అని నేను కాగితాలు పంచేశాను. రెండు కొళాయిల బొమ్మ, ఏది వేడో ఏది చల్లనో రాయాలి. కార్తీక్ అనే తెలుగు పిల్లాడు ఎర్రదాని కింద 'చల్లన' అని రాశాడు. తప్పు కొట్టాను.

"మా ఇంట్లో అంతే మిస్," అన్నాడు వాడు, వెనక్కి తగ్గకుండా.

"ఇంటి సంగతి నాకెందుకు? పుస్తకంలో ఉన్నది రాయి," అని, నీలం కొళాయిలో చన్నీళ్ళు వస్తాయని పదిసార్లు రాయించాను. ఆ పొద్దున నేను స్నానం చేసింది ఎర్ర కొళాయి నీళ్ళతోనే. ఆ మాట నాకు తట్టనే లేదు చూడండి!

మర్నాడు వాళ్ళమ్మ వచ్చింది. కేకలేసినా బాగుండేది. నెమ్మదిగా చెప్పింది. "మావాడు రోజూ ఎర్రదే తిప్పుతాడండి. నిన్న బళ్ళోంచొచ్చి నీలందాని కింద చెయ్యెట్టేశాడు. ఏంట్రా అంటే, మా మిస్ అదే కరెక్టందీ అన్నాడండి." పక్కన కార్తీక్. చెయ్యి ఎర్రగా కందిపోయి, మందు రాసి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వెంటనే భయం కూడా వేసింది. కొత్త ఉద్యోగం, మాట ప్రిన్సిపల్ దాకా వెళితే ఖలాస్.

మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. అంతా విని ఒకటే అడిగారు. "పొద్దుగాల నువ్వు ఏ నల్లా నీళ్ళతోని తానం చేసినవ్?"

"ఎర్రదే మేడమ్."

"మరి పోరడు రాసినదాంట్ల తప్పేమున్నది?"

ఏమీ లేదని ఒప్పుకున్నాను. "పైవాళ్ళకు నేను చెప్త. పోరనికి మాత్రం నువ్వే చెప్పాలె, అందరి ముందట," అన్నారు.

"పిల్లల్లో చులకనైపోనా మేడమ్?"

"అయితే అయితవ్. వాని చెయ్యి కంటె ఎక్కువనా నీ ఇజ్జత్?"

చెప్పాను. అందరి ముందూ చెప్పాను, తప్పు నాదేనని. తరవాత మేడమ్ గ్లాసుల్లో రెండు కొళాయిల నీళ్ళూ పట్టించి, గ్లాసు బయట చెయ్యి ఆనించి చూడమన్నారు. పిల్లల్ని ఆవరణలోకి తీసుకెళ్ళి, గోడ వెంట గొట్టం ఎక్కడిదాకా పోయిందో కనిపెట్టమన్నారు. "ట్యాంకు! ఎండలో ఉంది!" అని ఒకటే గోల. కార్తీక్ మాత్రం గ్లాసు పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. ఎలా ఉంది నాన్నా అంటే, "ఏది చెప్పమంటారు మిస్?" అన్నాడు. మొన్న నాతో వాదించిన పిల్లాడు! నాకు ఏడుపొచ్చింది.

"నీ మీద కోపం లేదు వానికి. వాని చెయ్యినే వాడు నమ్ముతలేడు," అన్నారు మేడమ్ ఆ సాయంత్రం. "దినాం ఏదో ఒకటి ముట్టుకోనియ్యి, అడుగు. నువ్వు మాత్రం చెప్పకు. నీ మొకం గూడ చెప్పొద్దు."

మొహాన్ని మాట్లాడకుండా ఉంచడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మంచు ముక్కలు కరిగించాం, పెసలు మొలకెత్తించాం, నీడలు కొలిచాం. జవాబు చెప్పే ముందు వాడు నావైపు చూసేవాడు. నేను గోడవైపు తిరిగిపోయేదాన్ని. రెండు నెలలు గడిచినా వాడిలో మార్పు లేదు. నా చేతకానితనానికి నన్ను నేనే తిట్టుకున్నాను.

డిసెంబరులో ఒక పొద్దున ప్రార్థనకు ముందే పరిగెత్తుకొచ్చాడు. "మిస్, ఇవాళ పుస్తకం కరెక్టే! నాన్న గీజర్ వేశాడు. ఎర్రదాంట్లో వేడినీళ్ళొచ్చాయి. గ్లాసులో పట్టి, బయట ముట్టుకుని చూశా." సంతోషం పట్టలేక మేడమ్‌కి చెప్పడానికి పోయాను.

ఆవిడ నవ్వనైనా నవ్వలేదు. "మంచిగున్నది. మరి మన బడి నల్లా?"

"అందులోనూ వేడినీళ్ళే అయి ఉంటాయి మేడమ్."

"చూసినవా?"

చూడలేదన్నాను. ఆ మనిషికి ఎంత చెప్పినా తృప్తి ఉండదు కదా! కార్తీక్‌ని వెంటబెట్టుకుని తరగతి పక్కనున్న సింకు దగ్గరికి వెళ్ళి, ఎర్ర కొళాయి తిప్పి, గ్లాసు నింపి వాడి చేతికిచ్చాను. వేడిగా ఉంటాయనే అనుకుంటున్నాను. వాడు రెండు చేతులతో పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. నావైపు చూడనే లేదు.

"ఇక్కడ చల్లగా ఉంది మిస్. మనవాళ్ళు ఇంకా గీజర్ వెయ్యలేదు," అన్నాడు.

మేడమ్ జగిత్యాల వెళ్ళిపోయి చాలా కాలమైంది. నేను మాత్రం ఇవాళ్టికీ పిల్లలు జవాబు చెప్పేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకుంటాను. కొత్తగా చేరిన టీచర్లు చూసి నాకు పొగరనుకుంటారట. అనుకోనీండి.