వరండాలో నడుస్తూ చేయించుకున్న వైద్యం

ఆ రోజు ఉదయం పిల్లల వార్డులో ఇంజక్షన్ మందుండే గాజు ఆంప్యూల్ మెడ విరగ్గొట్టబోతే నా బొటనవేలు మాట వినలేదు. గాజు గట్టిగా ఉందేమోలే అని ఇంకొకటి తీశాను. అదీ అంతే. మధ్యాహ్నానికి మణికట్లు, చీలమండలు పట్టేశాయి. డ్యూటీ దిగేసరికి ఒళ్లు కాలిపోతోంది.

నేను చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పేరు మస్తాన్‌బీ. ఆ వానాకాలం మా వైపు ఇంటికొకరు చికున్‌గున్యాతో మూలిగారు. మా వార్డులో మంచానికి ఇద్దరు పిల్లలు. నాకూ టెస్టు చేస్తే పాజిటివ్ వచ్చింది.

జ్వరం వారం తిరక్కుండానే పోయింది. నొప్పులు మాత్రం తిష్ఠ వేశాయి. పొద్దున లేస్తే పిడికిలి బిగియదు, చెంబు పట్టలేను. మా ఆయన ఖాసిం మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ పనికి వెళ్తాడు. వెళ్లేముందు నాకు జడ వేసేవాడు. "నీ జుట్టు కంటే రాయే నయమే, చెప్పినట్టు వింటుంది" అనేవాడు. నవ్వాలంటే దవడ కూడా నొప్పే.

బయటివాళ్లకు తెలియని సంగతొకటి చెప్పాలి. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లం ఓపీలో కూర్చోం. రౌండ్స్‌కి వెళ్తున్న డాక్టర్‌ని వరండాలో పట్టుకుని, పక్కనే నడుస్తూ రోగం చెప్పుకుంటాం. అదేదో పెద్ద హోదా అనుకుంటాం, మా మొహం! ఎముకల డాక్టర్ గారు లిఫ్ట్ దగ్గర ఆగి, "వైరల్ ఆర్థ్రాల్జియా అమ్మా, జ్వరం వదిలిన కీళ్లనొప్పులు, అవే తగ్గుతాయి" అని ఒక పెయిన్ కిల్లర్ చెప్పారు. పిల్లల డాక్టర్ గారు కేస్ షీట్ మీద సంతకం పెడుతూ ఇంకొకటి చెప్పారు. తోటి సిస్టర్ సుశీల నా కుంటి నడక చూడలేక, "ఏమే, అట్లా ఈడుస్తావేం కాళ్లు, ఇటు రా" అని డ్రెస్సింగ్ రూములో ఇంజక్షన్ పొడిచేది. ఆ పూటకు ప్రాణం లేచొచ్చేది. పేషెంట్ ఎవరైనా ఇవన్నీ కలిపి వాడుతున్నానంటే నేనే కేకలేసేదాన్ని. నా దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఏమైపోయిందో! అలా నెలలు గడిచాయి.

ఒకరోజు మిరప కోతలకు వచ్చిన కూలీ ఒకామె పాపను ఎత్తుకొచ్చింది. విరేచనాలతో కళ్లు లోపలికి పీక్కుపోయాయి. సెలైన్ ఎక్కించడానికి నరంలోకి కాన్యులా వెయ్యాలి. చిన్నపిల్లల నరం దొరక్కపోతే మా ఆసుపత్రిలో నన్నే పిలిచేవాళ్లు. ఆ రోజు నా వేళ్లు సూదిని నిలబెట్టలేకపోయాయి. మళ్లీ గుచ్చాను. పాప గుక్కపట్టింది.

"ఆపమ్మా! చేతకాకపోతే చెప్పు, ఇంకొకళ్లని పిలుచుకుంటాం. పిల్లను పొడిచి చంపుతున్నావు" అని తల్లి నా చెయ్యి తోసేసింది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? సుశీల వచ్చి వేసింది. నేను బాత్రూంలోకి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చాను. పిల్లల వార్డులో పనికిరాకపోతే ఇక నేనెందుకు?

నొప్పి కంటే ఆ భయంతోనే మాత్రలు ఇంకా ఎక్కువ మింగాను. కొన్నాళ్లకు పాదాలు ఉబ్బాయి, వాంతులు మొదలయ్యాయి. ల్యాబ్ వాళ్లు రక్తం తీస్తే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందన్నారు. ఫిజీషియన్ గారు కబురుపెట్టారు.

"ఎవరమ్మా నిన్ను చూస్తున్నది?"

"అందరూ చూస్తున్నారు సార్."

"నీ చేతులు పట్టుకుని చూసిందెవరు?"

అలా చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

"పెయిన్ కిల్లర్లన్నీ ఈ పూటే ఆపు, కిడ్నీలు దెబ్బతింటున్నాయి. గుంటూరు వెళ్లి కీళ్లవాతం చూసే రుమటాలజిస్ట్‌కి చూపించుకో. ఈ యూనిఫాంలో వెళ్లకు, అక్కడా నిలబడే మాట్లాడతావు."

మాత్రలు ఆపాక నరకం చూశాను. ఖాసిం అన్నం కలిపి ముద్దలు పెట్టేవాడు. "పోనీ మానెయ్యవే ఉద్యోగం, నేను లేనా?" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, నాకు మాత్రం ఒళ్లు మండింది. "నీ చేతులే ఇట్లా అయితే నువ్వు మానేస్తావా?" అని అరిచాను. ఖాసిం మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

గుంటూరులో చీర కట్టుకుని, అందరితోపాటు బెంచీ మీద కూర్చున్నాను. డాక్టరమ్మ గారు ఒక్కొక్క వేలి కణుపూ నొక్కి చూశారు. "పోస్ట్ చికున్‌గున్యా ఆర్థ్రైటిస్, అంటే ఆ జ్వరం తర్వాత మిగిలిపోయే కీళ్లవాపు. ముందే రావాల్సింది. తగ్గుతుంది, కానీ టైం పడుతుంది. పట్టు పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేను" అన్నారు. కిడ్నీలు కుదుటపడ్డాకే అసలు మందు మొదలుపెట్టారు. ఫిజియోథెరపీలో కరిగించిన మైనంలో చేతులు ముంచేవాళ్లు. మధ్యలో ఒకసారి వాపు తిరగబెట్టింది. ఆ రోజు అల్లా మీద కూడా కోపం వచ్చింది.

ఇప్పుడు క్రియాటినిన్ నార్మల్. పిల్లల వార్డు నుంచి ఓపీకి మారాను, అక్కడ బీపీ చూస్తున్నాను, పెద్దవాళ్లకు కాన్యులా వేస్తున్నాను. పొద్దున మాత్రం వేళ్లు ఇంకా బిగుసుకునే ఉంటాయి. మొన్న మేడం, అంటే మా నర్సింగ్ సూపరింటెండెంట్ గారు, "పిల్లల వార్డులో మనిషి కావాలి, వస్తావా మస్తాన్‌బీ?" అని అడిగారు. ఎన్నాళ్లనుంచో ఎదురుచూసిన మాట అది. "ఇప్పుడే వద్దు మేడం. నా చెయ్యి బాగుపడిందో లేదో పసిబిడ్డ మీద చూసుకోలేను" అన్నాను.

నర్సులకు, ల్యాబ్ వాళ్లకు, ఆయాలకు ఒక్క మాట. వైరల్ జ్వరం తగ్గినా నొప్పులు వదలకపోతే, సెలవు పెట్టి, మామూలు బట్టల్లో వెళ్లి, ఓపీలో కూర్చుని ఒక్క డాక్టర్‌కి చూపించుకోండి. మింగుతున్న ప్రతి మాత్రా వాళ్లకు చెప్పండి. మొదట్లోనే నేనలా కూర్చుని ఉంటే, మొన్న మేడంకు వస్తాననే చెప్పేదాన్ని.