ఆరు వద్దులూ, ఒక కావాలీ

బస్సు టైరు పంక్చరైతే ప్రయాణికులు రెండు జట్లుగా చీలిపోతారు. డ్రైవరు చుట్టూ చేరి సలహాలిచ్చేవాళ్ళు కొందరు, తిండి ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కునేవాళ్ళు కొందరు. ఆ మధ్యాహ్నం ఫ్రిజ్‌లు బాగుచేసే మేస్త్రి ఒకడు, భుజాన పనిముట్ల సంచితో, ఏ జట్టులోనూ చేరకుండా రోడ్డు పక్కన నిలబడిపోయాడు. కడుపు కాలిపోతోంది. ఎదురుగానే రేకుల కప్పు హోటలు. అందులోకి అడుగు పెట్టాలంటే, పాఠం రాని పిల్లవాడికి బడి గుమ్మం ముందు లాగినట్టు కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి.

తోటి పనివాళ్ళు అతన్ని మేక అంటారు. మాంసం, చేప, గుడ్డు సరే, పాలు, వెన్న, చివరికి తేనె కూడా ముట్టడు కనుక. రెండేళ్ళ కిందట ఒక పాడిశాలలో పాలు చల్లబరిచే తొట్టి బాగుచేయడానికి వెళ్ళాడు. రెండు రోజుల పని. దూడను అమ్మేస్తే, తల్లి ఆవు ఒకటి ఆ రెండు రోజులూ ఖాళీ కొట్టంవైపు తిరిగి అరుస్తూనే ఉంది. అతనికెవరూ బోధ చేయలేదు. ఇంటికొచ్చి టీ కప్పు ఎత్తాడు, దించేశాడు. "ఇంట్లో నేను చూసుకుంటాను. బయట నీ నోరు నీదే" అంది భార్య.

చిక్కంతా ఆ బయటే వచ్చింది. "శాకాహారం" అంటే ముందు పెరుగు గిన్నె పెట్టేవారు. మన భాషలో పాడి ఎప్పుడో ఆకుకూరల పక్కన చేరి కూర్చుంది, దాన్ని లేపడం ఎవరి తరం? "వీగన్" అని కొత్త మాట వాడి చూస్తే, అదేం కంపెనీ అని అడిగాడొక వంటవాడు. "పాలు వద్దు" అంటే, "పాలు పొయ్యలేదండీ, మీగడే వేశాను" అన్నాడు ఇంకొకడు. ఒకచోట విసిగిపోయి "పథ్యం" అని అబద్ధమాడాడు. ఆ మాటకున్న మహత్తు ఏమని చెప్పాలి! ఎవరూ మారు మాట్లాడలేదు. ఉప్పులేని జావ తెచ్చిపెట్టారు. పక్క బల్లల వాళ్ళు కడుపులో పుండా, మొలలా అని ఆరా తీసి తలా ఒక వైద్యం చెప్పారు. అప్పటినుంచీ ప్రయాణాల్లో అరటిపళ్ళూ ఎండు రొట్టే గతి.

పోయిన నెల నిచ్చెన మీద కళ్ళు తిరిగాయి. కింద నిలబడ్డ షాపు యజమాని పట్టుకోబట్టి బతికిపోయాడు. ఆ యజమాని స్వయానా భార్యకు అన్న.

"బావా, నువ్వు పడితే మా చెల్లెలికి నేనేం సమాధానం చెప్పను? ఈ ప్రయాణమే ఆఖరి అవకాశం అనుకో. బయట కడుపునిండా తిన్నావా, తిరుగు. లేదంటే షాపులో బల్ల దగ్గర కూర్చుని స్విచ్చులు బిగించు."

తిరిగే కాలు, తిట్టే నోరు ఊరికే ఉండవంటారు. పద్దెనిమిదేళ్ళు తిరిగిన కాలు అతనిది. దాన్ని బల్లకు కట్టేస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. పోనీ ఈ పట్టుదల మానేసి అందరిలా తిందామంటే, ఆ ఆవు అరుపు చెవిని వదలదు. ఈ ప్రయాణంలో ఇది నాలుగో రోజు. ఇప్పటికి పదకొండు అరటిపళ్ళు.

హోటల్లో యజమానురాలు ఒక్కతే ఉంది. ఫ్రిజ్‌ను అరచేత్తో బాదుతోంది.

"మాయదారిది, నిన్నటిదాకా బాగానే ఉంది! నీకేం పెట్టమంటావు నాయనా?"

మేక గొంతు సవరించుకుని పాఠం అప్పజెప్పాడు. "మాంసం వద్దమ్మా. చేప వద్దు. గుడ్డు వద్దు. పాలు వద్దు, వెన్న వద్దు, తేనె కూడా వద్దు."

"పోనీ, నేనన్నా ఉండనా? నన్నూ పొమ్మంటావా?" అంది ఆవిడ. "అన్నీ వద్దంటే గాలి వడ్డించమంటావా?"

అతను సంచి భుజానికెత్తుకుని వెనుదిరిగాడు. సరిగ్గా అప్పుడే ఫ్రిజ్ మూలిగింది. రోగి మూలిగాక వైద్యుడి కాలు కదులుతుందా? సంచి దించి, తలుపుకు చెవి ఆనించి విన్నాడు. గోడ దగ్గర్నుంచి ముందుకు లాగి చూస్తే, వెనక కాయిల్ మీద పిండీ జిడ్డూ కలిసి దుప్పటిలా పేరుకుపోయి ఉంది.

"దీనికి రోగమేం లేదమ్మా. ఊపిరాడట్లేదు, అంతే."

పావుగంట బ్రష్షుతో గీకి దులిపాడు. మోత తగ్గి, చల్లదనం మొదలైంది. లోపల మాంసం, గుడ్లు, పాలు, వెన్న వరసగా ఉన్నాయి. తాను నోట పెట్టనివి చెడకుండా కాపాడటమే అతని బతుకుతెరువు. దాని మీద షాపులో జోకులకు కొదవలేదు.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "నీకు పనికిరానివన్నీ బతికించావు. నీకేం పెట్టాలో చెప్పవేం మరి?"

"చెప్పాగా అమ్మా..."

"ఆరు వద్దులు చెప్పావు. వేళ్ళు మడిచి మరీ లెక్కపెట్టాను. ఒక్క 'కావాలి' చెప్పలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను మీ అమ్మను కూడా కాదు."

రెండేళ్ళుగా ఎవరు ఏం పెట్టమన్నా మేక వద్దులే అప్పజెప్పాడు. తనకేం కావాలో తనను తానూ అడగలేదు. ఏం కావాలి?

"వంకాయ" అన్నాడు, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా. "నిప్పుల మీద కాల్చింది. చర్మం నల్లగా మాడాలి."

"ఊఁ. ఇంకా?"

"వేరుశనగపప్పు దంచి కలిపితే... పచ్చి ఉల్లిపాయ, నిమ్మకాయ." గొంతు కాస్త లేచింది. "చిక్కుడు గింజలున్నాయా?"

"ఉన్నాయా అంటావేంటి? పొద్దుటినుంచి నానుతున్నాయి!"

పొయ్యి రాజుకుంది. మధ్యలో ఆవిడ కుడిచెయ్యి తనంతట తాను వెన్న గిన్నెలోకి వెళ్ళింది. ఎడమచేత్తో దాన్ని చట్టున కొట్టింది. "ముప్పై ఏళ్ళ అలవాటు నాయనా, ఇది నా మాట వినదు." నూనె పోసి గరిటె అంచున రుచి చూసింది. "బాగానే ఉందే! కాస్త వెన్న వేస్తే ఇంకా..."

"అమ్మా!"

"సరే సరే. ఫ్రిజ్‌కూ దీనికీ చెల్లు. తిను."

ఆకలి రుచెరుగదని పెద్దలన్నారు గాని, వాళ్ళు పన్నెండో అరటిపండు బదులు కాల్చిన వంకాయ తిని ఉండరు. రెండేళ్ళలో మొదటిసారి ఇల్లు కాని చోట మారు అడిగాడు. ఆవిడ గరిటెతో లోపలికి వెళ్ళింది. ఫోను మోగింది, షాపు నుంచి.

"ఏం మేకా, తిన్నావా? అరటిపళ్ళ కథలు చెప్పకు."

"తిన్నాను బావా. కాల్చిన వంకాయ, అందులో దంచిన వేరుశనగపప్పు..."

బయట బస్సు హారన్ కొట్టింది. చెయ్యి కడిగి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, సంచి తగిలించుకుని నడిచాడు.

"పథ్యమన్నావా మళ్ళీ?"

"లేదు, అడిగాను. కావాలని అడిగాను బావా. చిక్కుడు గింజలైతే, పైన ఉల్లిపాయలు ఎర్రగా వేయించి... ఆ స్విచ్చుల బల్ల దగ్గర ఇంకెవరినన్నా కూర్చోబెట్టుకో. రేపు దిగే ఊళ్ళో బంగాళాదుంపలు అడుగుదామనుకుంటున్నా, పొట్టుతోనే..."

ఆవిడ గరిటె నిండా గింజలతో వచ్చేసరికి బల్ల ముందు ఎవరూ లేరు. వెళ్ళొస్తానన్న మాటైనా లేకుండా, వెనక్కి తిరిగైనా చూడకుండా, మేక రోడ్డు దాటి బస్సు మెట్టు మీద కాలు పెట్టాడు. నోరు మాత్రం ఆగలేదు.