చుట్టూ కొలిచిన టైరు

ఈ రోజు పొద్దున మజ్జిగలో ఉప్పు లేదు. అడిగితే ఇంట్లోవాళ్లు నా నాలుకకే రుచి పోయిందన్నారు. ఆ కోపం ఎవరి మీదైనా తీర్చుకోవాలి కదా, మా అల్లుడు దొరికాడు.

ఆయన పక్క ఊరి బడిలో లెక్కల అయ్యవారు. రేపు బడికి ఇన్‌స్పెక్టరు వస్తాడు. నిన్న సాయంత్రమే సైకిలు వెనక టైరు చీలిపోయింది. ఈ రోజు బయలుదేరే ముందు, కొత్తది ఏ సైజో తెలియాలని నంబరు కోసం టైరంతా వెతికాడు, కనపడలేదు. చదువుకున్నవాడు కదా, చక్రం చుట్టూ దారం చుట్టి కొలిచాడు.

ఇద్దరం సైకిలు నెట్టుకుంటూ పత్తికొండలో షాపుకు పోయాం.

"ఎనభై ఎనిమిది అంగుళాల టైరు ఇయ్యప్పా" అన్నాడు అల్లుడు దర్జాగా.

షాపు సాయబు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "అయ్యవారూ, అంత చక్రమెక్కితే మీరు బడి కప్పు మీద నుంచే పాఠం చెప్పొచ్చు. సైజంటే చుట్టూ కాదు, అడ్డంగా కొలిచేది. నంబరు టైరు మీదే ఉంటాది గదా!" అని తడిగుడ్డతో తుడిచాడు. ఇరవై ఎనిమిది బయటపడింది.

"ఈడ ఇంత మన్ను యాడిది మామా?" అన్నాడు అల్లుడు.

"మన బాటల్లో మన్ను గాక మల్లెపూలుంటాయా అప్పా?" అన్నాను.

ముళ్లకు తట్టుకునే దళసరి టైరు వేయించాం. రేపు ఇన్‌స్పెక్టరు వ్యాసమూ చుట్టుకొలతా అడిగితే మా అల్లుడు తడబడడు. ఆ పుణ్యం నాదా కాదా, మీరే చెప్పండి. ఉప్పులేని ఆ మజ్జిగతో మన్ను కలిపి, నంబరు మీద మెత్తింది నేనే.