మేనమామల మూలలు

మునిలక్ష్మికి ఖాళీ అంటే గిట్టదు. ముగ్గు వేస్తే వాకిలి నిండాల్సిందే, జడలో పూలు పెడితే జడ కనిపించకూడదు. 1978లో తిరుపతిలో పరంధామయ్య ప్రెస్సులో అచ్చు పని నేర్చుకోవడానికి చేరినప్పుడు ఆ గుణం కూడా ఆమె వెంటే వచ్చింది. సీసపు అక్షరాల్లో ఏది ఏ గడిలో ఉంటుందో నెల తిరిగేసరికి కళ్లు మూసుకుని చెప్పేది. వాటిని కాగితం మీద ఎక్కడ కూర్చోబెట్టాలన్న దగ్గరే వచ్చింది చిక్కంతా. పేరుకూ పేరుకూ మధ్య కాస్త తెల్లగా కనిపిస్తే చాలు, అక్కడో పువ్వునో నెమలినో దూర్చేది.

"అట్ల కూరితే అక్షరానికి ఊపిరాడదు పాపా. నాలుగు మూలలా బొటనవేలంత జాగా వదలల్ల" అనేవాడు పరంధామయ్య.

"ఎందుకు పెద్దాయనా?"

"మా గురువు వదిలినాడు, నేనూ వదుల్తా ఉండాను. ఇంగ నువ్వూ వదులు."

ఇదేం సమాధానమని ఆమెకు ఒళ్లు మండేది.

నగరిలో నేత నేసే నాయన ఆమెకు మూడు నెలలే గడువిచ్చాడు. ఆలోగా పని దొరక్కపోతే ఇంటికొచ్చి నూలు కండెలు చుట్టుకోవాలి. ప్రెస్సులో అక్షరాలు కూర్చే పాత కంపోజిటర్ మానేసి అప్పటికే వారమైంది. ఇంకో మనిషిని పంపమని మద్రాసుకు జాబు రాయబోతూ పరంధామయ్య ఆగాడు.

"ఈసారి వచ్చే పెండ్లి పత్రిక నువ్వే ఒంటిగా సెయ్యి. బాగుంటే ఆ బల్ల నీది. లేదంటే మద్రాసోడిది."

మర్నాడే చిత్తూరు నుంచి బెల్లం మండీ కుప్పయ్య కూతురి పెళ్లి పత్రిక వేయించడానికి వచ్చాడు. పెళ్లికూతురికి నలుగురు మేనమామలు. నలుగురివీ ముక్కు మీద కోపాలే.

"ఎవురి పేరు ముందేసినా మిగతా ముగ్గురూ పెండ్లికి రారబ్బా" అని తల పట్టుకున్నాడు.

మునిలక్ష్మి కళ్లు మెరిశాయి. "నాలుగు మూలల్లో నలుగుర్నీ ఏద్దామన్నా. ముందూ లేదు, ఎనకా లేదు!"

కుప్పయ్య ఎగిరి గంతేశాడు. మూలలు వదలమన్నానే అని పరంధామయ్య గొణిగాడు గానీ, నిజం చెప్పాలంటే ఆయనకూ ఆ ఎత్తు నచ్చింది. ఐదొందల పత్రికలు అచ్చయి చిత్తూరు బస్సెక్కాయి. ఆ సాయంత్రం మునిలక్ష్మి కాళ్లు నేల మీద లేవు.

మూడో రోజు పొద్దున ఒక ముసలామె ప్రెస్సులోకొచ్చి ఒక పత్రికను బల్ల మీద పెట్టింది. కుప్పయ్య అత్త నాగరత్నమ్మ. మేనమామలు నలుగురూ ఆమె కొడుకులే. పత్రిక నాలుగు మూలలా దిట్టంగా పసుపు పెట్టి ఉంది. ఆ పసుపు కింద మేనమామ పేరు ఒక్కటీ కనిపించలేదు.

"నా కొడుకుల్ని నలుగుర్నీ పసుపులో ముంచినావు కదమ్మే! పేర్లు కావాలనే తుడిపేసినారని ఒగటే రచ్చ సేస్తా ఉండారు."

మూలలకు పసుపు పెట్టకుండా ఏ పెళ్లి పత్రికా గడప దాటదు. తన అక్క పెళ్లికి మునిలక్ష్మే కూర్చుని రెండొందల పత్రికలకు పెట్టింది. ముప్పై ఏళ్లుగా పత్రికలు అచ్చేస్తున్న పరంధామయ్యకూ ఆ సంగతి తట్టలేదు. మునిలక్ష్మికి నగరిలో కండెలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

"తప్పు నాదే అవ్వా. ఈ పొద్దే మళ్లీ ఏసిస్తా" అంది.

ప్రెస్సు వెనకే ఉన్న పరంధామయ్య ఇంట్లోకి పరుగెత్తి పసుపు తడిపి తెచ్చింది. పత్రిక సైజుకు కోసిన తెల్లకాగితం ముసలామె ముందు పరిచింది.

"ముందు నువ్వు పెట్టవ్వా. ఇంట్లో ఎట్ల పెడతావో అట్లనే."

నాగరత్నమ్మ విస్తుపోయి, నాలుగు మూలలా బొటనవేలు అద్దింది. ఆ మచ్చలకు కాస్త ఇవతలగా మునిలక్ష్మి గీత గీసుకుంది. అక్షరాలన్నీ ఇక ఆ గీత లోపలే ఉండాలి. పువ్వులూ నెమళ్లూ ఒక్కొక్కటిగా డబ్బాలోకి వెళ్లిపోయాయి. నెమళ్లను తీస్తుంటే ఆమెకు ప్రాణం ఉసూరుమంది.

"మరి మామల పేర్లు ఏ వరసలో ఏసేది అవ్వా?"

"కన్నదాన్ని నేనుండానే! పెద్దోడు మొదులు, సిన్నోడు సివర. ఎవుడన్నా నోరెత్తితే నా కాడికి రమ్మను."

పాపం కుప్పయ్య, అత్తను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

మధ్యాహ్నానికి మచ్చుకు ఒక పత్రిక అచ్చయింది. గడప దగ్గర నిలబడి చూసినా ప్రతి పేరూ విడివిడిగా కనిపిస్తోంది. చుట్టూ ఉన్న తెలుపు వల్లే ఆ పేర్లకు అంత నిండు వచ్చిందని తెలిసి మునిలక్ష్మి తనే ఆశ్చర్యపోయింది. భయంభయంగా పరంధామయ్య వైపు చూసింది.

"నన్ను కాదు, ఆయమ్మనడుగు" అన్నాడాయన.

నాగరత్నమ్మ పత్రికను చాలాసేపు తడిమింది. మూలలకు పసుపు అద్ది, ఒక్క అక్షరమూ చెడలేదని చూసుకుంది.

"నాకు సదువు రాదు పాపా. మా ఇంట్లో ఎన్ని పెండ్లిండ్లయినా, పత్రిక మీద నా చెయ్యి పడేది ఈ నాలుగు సోట్లే. అది నాకు మిగిల్చినావు, సాలు."

పరంధామయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మద్రాసుకు రాసేదేం లేదు. ఆ బల్ల నీదే. ఇంగ మూలలు ఎంత వదలల్లో నువ్వు నన్నడిగేది కాదు, నేనే నిన్నడగల్ల."

మునిలక్ష్మికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వెంటనే నగరి బస్సెక్కి నాయనకు చెప్పాలని ఎంత ఉబలాటపడినా, ఐదొందల పత్రికలూ మళ్లీ అచ్చయి ఆరేదాకా ఆ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.