బాపు వంతు

మొన్న శుభ శుక్రవారం నాడు గోదావరిఖనిలో చర్చి గేటు పక్కన మిర్చీల బండివాడు బొగ్గు పొయ్యి రాజేస్తుంటే, ఆ పచ్చి పొగ వాసనకు నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మా చిన్నప్పుడు కంపెనీ క్వార్టర్లలో ప్రతి ఇంటి ముందూ అదే పొగ. ఆ పొగలోనే చలి పోయి ఎండలు ముదిరేవి, మోదుగుపూలు రాలేవి, శుభ శుక్రవారానికి ముందు నలభై రోజుల ఉపవాసాల శ్రమకాలం వచ్చేది.

ఆ నలభై రోజులూ ఇంట్లో నీసు వాసన ఉండేది కాదు, జొన్న గట్క, పచ్చిపులుసు, చింతచిగురు పప్పు, అంతే. చర్చిలో హార్మోనియానికి గుడ్డ చుట్టి బీరువాలో పెట్టేసేవారు, డోలకు మూల చేరేది, ఇక మనుషుల గొంతులే దిక్కు. సాయంత్రాలు మా వాకిట్లో చాపలు పరిచి, పై గొంతు ఆడవాళ్లూ కింది గొంతు మగవాళ్లూ కొత్త పాటలు నేర్చుకునేవాళ్లు. కట్టేది మా నాన్న, బాపు అనేవాళ్లం. గనిలో బొగ్గు నింపే మనిషి, పాట కూడా ఇంట్లో మాట్లాడే మాటల్లోనే కట్టేవాడు. ఒక పాట చివర ఆడవాళ్లంతా "గుట్ట మీదికి బోయెటి దేవా, నీ ఎంట ఎవలయ్యా?" అని అడుగుతారు. "నేనొస్తున్న దేవా, నీ ఎన్కనే" అని బాపు ఒక్కడే బదులు పాడాలి.

మా పాటగాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. డ్యూటీకి పోయినవాడి వంతు ఇంకెవరూ పాడకూడదు; ఆ ముక్క పట్టేంతసేపు అందరూ ఊరికే నిలబడతారు. బాపు రాత ఏమిటో గానీ, శుభ శుక్రవారం వచ్చేసరికి ఏటా మొదటి షిఫ్టే పడేది. గనిలో షిఫ్టు విడిచేలోపే ఇక్కడ పాట అయిపోయేది. చర్చి నిండా జనం ముందు మా బాపు గొంతు ఒక్కసారి వినాలని నాకు ఎంత ఆశో. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా ఏడుపు ముంచుకొచ్చేది.

ఒక ఏడు అమ్మ మొండికేసింది. ఆ ప్రశ్న దగ్గర ఆగకుండా మళ్లీ అదే ఎత్తుకుంది. మళ్లీ, మళ్లీ. మిగతా ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటూనే అందుకున్నారు. ఇంతలో గని సైరన్ కూసింది. పాస్టరుగారు వంగి, "ఇంకెన్నిసార్లమ్మా?" అన్నారు.

"కూత ఇనలేదా అయ్యగారూ? షిఫ్టు ఇడిసిండ్రు. జర ఆగుండ్రి, వస్తడు."

వచ్చాడు. స్నానం చేయలేదని లోపలికి రాకుండా, మొహమంతా బొగ్గుతో గడప దగ్గరే నిలబడి, రొప్పుతూ, నడుమ ఒకసారి దగ్గి, పాడాడు. ఆయన మా బాపని పక్కనున్న వాళ్లందరికీ చెప్పాను, తెలియని వాళ్లెవరూ లేకపోయినా.

ఆ గని మూసేసి ఏళ్లయింది. కూత లేదు, బాపు లేడు, అమ్మా లేదు. మొన్న పిల్లలు కీబోర్డు పెట్టి అదే పాట పాడారు, చక్కగానే పాడారు. బాపు వంతు రాగానే ఒక కుర్రాడు ఆగకుండా అందుకున్నాడు. వాళ్లకెవరు చెప్పారు గనక, తప్పు పట్టడానికి! పాట అయిపోయి అందరూ కూర్చున్నారు. నేను మాత్రం నిలబడే, "నీ ఎంట ఎవలయ్యా?" అని పెదవుల మీదే మళ్లీ మళ్లీ ఎత్తుకుంటూ, గడప వైపు చూస్తూ ఉండిపోయాను.