మెసా వెర్డే నిచ్చెన మీద మా వదిన

మా వదిన నాగమల్లేశ్వరికి రెండు మోకాళ్ళూ కొత్తవే. గుంటూరులో ఆపరేషన్ చేయించుకుని, ఏడాది తిరిగాక కాలిఫోర్నియాలో డబ్లిన్‌లో ఉన్న కొడుకు తేజేశ్వర్ దగ్గరికొచ్చింది. మోకాళ్ళు మార్చిన ఆ డాక్టరు ఆ చేత్తోనే ఆవిడ మొండితనాన్ని కూడా మార్చి ఉంటే మా అందరికీ పీడ విరగడయ్యేదని నేను మొహం మీదే అంటాను. ఆడపడుచుని, ఆ మాత్రం హక్కు నాకుంది. ఆవిడ మాత్రం ఊరుకుంటుందా? “నీ నోటికి కూడా ఏదైనా ఆపరేషన్ ఉందేమోనని అడిగాను కృష్ణకుమారీ, లేదన్నారు” అంటుంది.

నేను శాంటా క్లారాలో ఉంటాను. ఆ ఏడాది, అంటే 2012లో, ఏ శనివారం డబ్లిన్ వెళ్ళినా వదిన నడుస్తూనే కనిపించేది. నేతచీర, మీద కొడుకు పాత స్వెట్టరు, కాళ్ళకి తెల్ల బూట్లు. కాలనీ చుట్టూ నడిచి వచ్చి, ఇంట్లో మేడమెట్లు పనున్నా లేకపోయినా ఎక్కి దిగేది. కోడలు నమ్రత చూడలేక, “అత్తయ్యా, పైనుంచి ఏం కావాలో చెప్పండి, నేను తెచ్చిపెడతాను” అంటే, “పైన నాకేం పని లేదమ్మా, మెట్లతోనే పని” అనేది.

ఆ పని ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క నీహారికకి తప్ప. నీహారిక తేజేశ్వర్ కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల. ఏడో నెలలోనే పుట్టి, గాజుపెట్టెలో పిడికెడంత ప్రాణంతో కొట్టుకుంది. అప్పుడు వదిన రావాలని చెన్నై వెళ్తే వీసా ఇవ్వలేదు. ఇంటికి తిరిగొచ్చి మొక్కుకుంది. పిల్ల బతికి బట్టకట్టి, తన కాళ్ళతో తాను నడిచే వయసొచ్చాక, దాని చెయ్యి పట్టుకుని అలిపిరి నుంచి తిరుమల కొండకి మెట్లదారిన ఎక్కుతానని. వీళ్ళు మొదటిసారి ఇండియా వెళ్ళినప్పుడు పిల్ల మరీ చిన్నది. రెండోసారి మా అన్నయ్య పోయాడు. ఆ తర్వాత వదిన మోకాళ్ళు పోయాయి.

తేజేశ్వర్ వాదన ఒకటే. “కొండమీదికి బ్రహ్మాండమైన ఘాట్ రోడ్డుందమ్మా. కార్‌లో వెళ్దాం. దేవుడేమీ అనుకోడు.” ఈ మాట వాడు ఎన్నిసార్లన్నాడో! అన్నప్పుడల్లా వదిన వెళ్ళి బూట్లేసుకునేది.

ఆ వేసవిలో వాడు పెరూ వెళ్దామనుకున్నాడు. నీహారిక స్కూల్లో ఇన్కా రాజుల కోటల మీద ప్రాజెక్ట్ చేసి, వాటిని చూపించమని ప్రాణం తీస్తోంది. తీరా చూస్తే వీడి హెచ్‌వన్ ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. “ఇప్పుడు కంట్రీ దాటితే రిస్క్ అత్తా, మళ్ళీ రావాలంటే వీసా స్టాంపింగ్ గొడవ” అని, దేశంలోనే ఉన్న పాత కట్టడాలేవో వెతికి, కొలరాడోలో మెసా వెర్డేకి బుక్ చేశాడు. నమ్రతకి ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండటంతో ఆ అమ్మాయి రాలేదు. ఆ సీట్లో నేను కూర్చున్నాను.

అక్కడ కొండచరియ మధ్యలో, రాతి చూరు కింద, పూర్వం ప్యూబ్లో జాతివాళ్ళు రాళ్ళు పేర్చి కట్టుకున్న ఇళ్ళున్నాయి. ఏడెనిమిది వందల ఏళ్ళ నాటివి. గైడ్‌తో తప్ప లోపలికి వెళ్ళనివ్వరు. వెళ్ళాలంటే ముందు మెట్లు దిగాలి, తర్వాత కొండకి ఆనించిన పెద్ద చెక్క నిచ్చెన ఎక్కాలి, ఇళ్ళు చూశాక ఇరుకు సొరంగంలోంచి పాకి బయటపడి, మళ్ళీ నిచ్చెనలెక్కి పైకి రావాలి. ఒకసారి నిచ్చెన ఎక్కితే వెనక్కి దిగడం లేదు. ఇదంతా టికెట్ కౌంటర్ దగ్గర బోర్డు మీద రాసి ఉంది. లోపల పూజల గది ఉన్న సంగతితో సహా నీహారిక అంతా చదివి వినిపించింది.

“రెండు టికెట్లు చాలు. అమ్మా, నువ్వూ అత్తా కార్ దగ్గర ఏసీ వేసుకుని కూర్చోండి” అన్నాడు తేజేశ్వర్.

“లోపల గుడి కూడా ఉందటగా?” అంది వదిన.

“గుడి ఉంటే మాత్రం? ఆ నిచ్చెన ఫోటో చూశావా?”

“చూశాను. ఎక్కుతాను.”

వాడు పెద్దగా నవ్వాడు. “సరే, ఎక్కి చూపించు. నువ్వా నిచ్చెన ఎక్కితే డిసెంబర్‌లో ఇండియా వెళ్ళినప్పుడు నేనే దగ్గరుండి నీతో తిరుమల మెట్లెక్కిస్తా!”

“మాటేనా?”

“మాటే!”

వాడు సరదాకే అన్నాడు, నాకు తెలుస్తూనే ఉంది. ఒరేయ్ పిచ్చి సన్నాసీ, ఎవరితో అంటున్నావురా అనుకున్నాను. వదిన అప్పటికే క్యూలో నిలబడింది. నాలుగు టికెట్లు తీయక తప్పలేదు.

మా గైడ్ పెద్ద టోపీ పెట్టుకున్న పడుచుపిల్ల. వదిన చీర చూసి మొహమాటపడుతూ, ఇది కాళ్ళకి అడ్డం పడితే ప్రమాదమని చెప్పింది. తేజేశ్వర్ వెంటనే అందుకున్నాడు. “చూశావా అమ్మా, రూల్స్ ఒప్పుకోవు.”

“రెండు నిమిషాలు ఆగమను ఆ అమ్మాయిని” అని వదిన నన్ను అడ్డం నిలబెట్టి రాతిబండ చాటుకెళ్ళింది. మెళ్ళో గొలుసుకి ఎప్పుడూ వేలాడే పిన్నీసులు తీసి, కుచ్చెళ్ళు కాళ్ళ మధ్యనుంచి వెనక్కి లాగి దోపి, గోచీ బిగించి, కొంగు నడుముకి చుట్టి బయటికొచ్చింది. మా చిన్నతనంలో నాట్లు వేసే ఆడవాళ్ళు అలా కట్టేవారు. గ్రూప్‌లో ఉన్న తెల్లావిడ ఒకామె చప్పట్లు కొట్టింది. గైడ్ పిల్ల చుట్టూ తిరిగి చూసి, ఓకే అంది.

నిచ్చెన కింద నిలబడి పైకి చూస్తే మెడ పట్టేసింది. ముందు నీహారిక ఎక్కింది, తర్వాత వదిన, ఆవిడ పడితే పట్టుకోవడానికి వెనకే తేజేశ్వర్. పక్కనే ఇంకో మనిషి పట్టేంత వెడల్పుంది కాబట్టి నన్ను కూడా వాడి పక్కనే ఎక్కమన్నారు. నా సంగతి అడక్కండి. కళ్ళు మూసుకుని నాకు తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచాను, తెలియని ఆ ఊరి దేవుళ్ళని కూడా పిలిచాను.

వదిన మాత్రం ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి, ఊపిరి తీసుకుని, మళ్ళీ కుడికాలు వేసేది. మధ్యలో ఒకచోట ఆగిపోయింది. ఎడమకాలు లేవడం లేదు. కింద వాళ్ళంతా ఆగిపోయారు.

“అమ్మా, చాలు. గైడ్‌ని పిలుస్తాను, మెల్లగా దింపేస్తారు” అన్నాడు తేజేశ్వర్.

“నోరు మూసుకోరా” అంది వదిన పైకే చూస్తూ. అటూ ఇటూ బరువు మార్చుకుని, చేతుల బలంతో ఒంటిని పైకి లాక్కుంది. కాలు లేచింది. పైనుంచి నీహారిక, “నానమ్మా, యూ ఆర్ డూయింగ్ ఇట్! ఇంక కొంచెమే ఉంది, రా!” అని అరుస్తోంది. చివరి మెట్టు దాటి ఆవిడ రాతినేల మీద నిలబడితే నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

లోపల ఇళ్ళు చక్కగా ఉన్నాయి. వాటి మధ్య నేలలోకి తవ్వి కట్టిన గుండ్రటి గది ఉంది. అది వాళ్ళ పూజల చోటట. దాని నేల మధ్యలో చిన్న గుంట ఉంది. తమ పెద్దలు భూమిలోంచి పైకి వచ్చిన దారికి అది గుర్తని వాళ్ళ నమ్మకం, వాళ్ళ వంశం వాళ్ళు ఇప్పటికీ ఆ పూజలు చేస్తారని గైడ్ చెప్పింది. చెప్పి వెనక్కి తిరిగేసరికి వదిన బూట్లు విప్పేసి, వాటిని చేత్తో పట్టుకుని, వట్టికాళ్ళతో నిలబడి దణ్ణం పెడుతోంది. గైడ్ పిల్ల కంగారుపడింది. బూట్లు లేకుండా ఇక్కడ నడవకూడదు, దయచేసి వేసుకోమంది.

“వేసుకో అమ్మా, దేవుడేమీ అనుకోడు” అన్నాడు తేజేశ్వర్.

వదిన వాడివైపు ఒక చూపు చూసింది. గోడ పక్కన కూర్చుని కాళ్ళు చాపింది, నేను తొడిగాను. వాడు ముసిముసిగా నవ్వుకున్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ తర్వాత సొరంగం. మోకాళ్ళ మీద పాకాలి. వదినకి నిచ్చెన ఎక్కడం వచ్చుగానీ, ఆ కొత్త మోకాళ్ళ మీద వంగి ఒంటి బరువు ఆనిస్తే ప్రాణం పోతుంది. ఆ సంగతి మాకెవరికీ గుర్తులేదు. వెనక్కి దారి లేదు. తేజేశ్వర్ తల పట్టుకున్నాడు. “నాదే తప్పు, నాదే తప్పు” అంటున్నాడు. గైడ్ ఇంకో మనిషిని పిలిపిస్తానని నడుముకున్న రేడియో తీసింది.

“వద్దని చెప్పు. పసిపిల్లలు పాకడం రాకముందు ఏం చేస్తారు? దేకుతారు” అని వదిన చతికిలబడింది. కాళ్ళు ముందుకి చాపి, చేతులు నేలకి ఆనించి, కూర్చున్న చోటు నుంచి జానెడు జానెడు జరుగుతూ ఆ రాతి ఇరుకులోకి వెళ్ళిపోయింది. నీహారిక ఆవిడ ముందు వెనక్కి పాకుతూ, “నానమ్మా, హెడ్ కిందకి పెట్టు. ఇప్పుడు నీ లెగ్ నాకు ఇవ్వు” అని చెబుతూ తీసుకెళ్ళింది. నేను వెనకాల పాకుతూ ఆవిడ మూలుగు విన్నాను. ఆగినప్పుడల్లా “గోవిందా” అనుకుని మళ్ళీ జరిగింది.

చివరి నిచ్చెనలు కూడా ఎక్కి పైకొచ్చాక, కార్ పార్కింగ్ దగ్గర బల్ల మీద కూలబడ్డాం. వదిన చీరంతా ఎర్రమట్టి. మొహం మాత్రం పెళ్ళికూతురిలా ఉంది.

“డిసెంబర్ ఏ తారీకుల్లో?” అంది కొడుకుతో.

“ఏది?”

“తిరుమల.”

వాడు నీళ్ళ బాటిల్ మూత తిప్పుతూ, “అది ఏదో సరదాకి అన్నానమ్మా. నిచ్చెన వేరు, కొండ వేరు. ఇవాళ నా గుండె ఆగిపోయింది తెలుసా? అయినా నువ్వే బూట్లతో గుడిలో నడిచావు. అక్కడ ఏమీ అనుకోని దేవుడు, కార్‌లో వస్తే మాత్రం అనుకుంటాడా?” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిచాను. వదిన నా చెయ్యి నొక్కింది.

“ఇక్కడి బూట్లు వాళ్ళ నియమంరా. ఇంటివాళ్ళు వేసుకోమన్నారు, వేసుకున్నాను. మెట్లు ఎవరూ నాకు పెట్టిన నియమం కాదు, నేనిచ్చిన మాట. దేవుడేమీ అనుకోడు, నిజమే. అనుకునేది నేను. ఇది పుట్టినప్పుడు నువ్వు దాని పక్కనున్నావు, నమ్రత ఉంది, డాక్టర్లున్నారు. మీ అత్త రోజూ క్యారేజీ పట్టుకుని హాస్పిటల్‌కి వచ్చింది. నన్ను మాత్రం రానివ్వలేదు. గుంటూరులో పొయ్యి ముందు నిలబడి, మీ ఫోన్ కోసం చూస్తూ, ఏం చెయ్యాలో తెలీక చచ్చిపోయాను. ఇవ్వడానికి నా దగ్గర ఉన్నవి ఈ కాళ్ళే. అవి ఇస్తానన్నాను. ఇప్పుడు కారెక్కి పోతే, ఆ రోజు నేను దానికి ఏం చేసినట్టురా?”

తేజేశ్వర్ తల వంచుకున్నాడు. తొమ్మిదేళ్ళూ ఆవిడ ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఆ క్యారేజీలు మోసిన నాకు కూడా ఆవిడ అక్కడెలా ఉందో అడగాలని తోచలేదు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఏడ్చాను.

“నానమ్మా, నా కోసమా?” అంది నీహారిక. “నాకు ఎవరూ చెప్పలేదు. డాడీ, యూ ప్రామిస్డ్. నేను విన్నా.”

వాడు లేచి వచ్చి తల్లి ముందు నేలమీద కూర్చున్నాడు. ఊడిపోయిన ఆవిడ బూటు లేసు తీసి మళ్ళీ కట్టాడు. చాలాసేపు కట్టాడు.

“డిసెంబర్ రెండోవారం అమ్మా. మెట్లదారినే. నేనూ వస్తాను” అన్నాడు తలెత్తకుండా.

వదిన వాడి జుట్టులోని మట్టి దులిపింది. “అలాగే, వద్దువుగానిలే. ముందు రేపట్నుంచి నాతో పాటు నడవడం మొదలుపెట్టు. నిచ్చెన మీద నీ ఆయాసం నాకు పైకి వినిపించింది” అంది.